తొంభై ఒకటి దాటాక

"తొంభై ఒకటి," అంది పెద్దమ్మ, కిరణాల గది తలుపు దాటి వస్తూనే. "ఇవాళా తొంభై ఒకటే. పోయిన నెలంతా నూట ఇరవై. ఈ సోమవారం నుంచి మూడు రోజులుగా తొంభై ఒకటి. మిగతాది ఎవరు తింటున్నట్టు?"

వరండాలో బల్లల మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు నవ్వారు. అంతమంది రోగులున్న చోట నవ్వే అవకాశం రోజుకోసారి వస్తే అదే గొప్ప, ఎవరూ వదులుకోరు.

"తొందరగా వదిలేస్తే పండగ చేసుకోక ఆ గొడవేంటి పెద్దమ్మా! అదేమన్నా హోటలా, వడ్డన తక్కువైందని అడగడానికి?" అన్నాడు మెడకు గుడ్డ చుట్టుకున్న ఓ పెద్దమనిషి.

"తక్కువైతే ఎక్కడైనా అడుగుతాను," అంది పెద్దమ్మ. తొడ ఎముకలో క్యాన్సరు గడ్డ ఆవిడకి. కర్ర లేకుండా నడవలేదు గానీ, మాట మాత్రం కర్ర అక్కర్లేకుండానే నడుస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు గుండీల ఫ్యాక్టరీలో గుండీలు లెక్కపెట్టి డబ్బాల్లో పోసిన మనిషి. కిరణాలు పడుతున్నంతసేపూ భయం తెలియకుండా ఉండాలని ఆ గదిలో ఒంటరిగా పడుకుని అలవాటు కొద్దీ సెకన్లు లెక్కపెడుతుంది.

ఆ వరండాలోనే ఓ మూల నేల మీద కూర్చుని, ఒళ్ళో ప్రింటరు పెట్టుకుని, దాని గొంతులో ఇరుక్కున్న కాగితం ముక్కని చిమటాతో లాగుతోంది రిపేరక్క. ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఆమె చేతి మీదే బతుకుతాయి. పదేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉంది. ఏడాదికోసారి పెద్ద డాక్టరు సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటుంది, లేకపోతే లేదు. అసలు పేరు జీతం కాగితం మీద ఉందేమో గానీ, వార్డుబాయి దగ్గర్నుంచి అందరికీ ఆమె రిపేరక్కే.

"వయసు మీద పడింది కదా పెద్దమ్మా, నీ లెక్కే నెమ్మదించి ఉంటుంది," అంది రిపేరక్క కూడా, తల ఎత్తకుండానే. అందరూ మళ్ళీ నవ్వారు.

పెద్దమ్మ నవ్వలేదు. కర్ర ఆనించి నిలబడి ఆమె వంక చూసింది. "గోడ గడియారంతో సరిచూసుకున్నాను అమ్మాయ్. నా అంకె, దాని అంకె ఒక్కటే. వయసు కాళ్ళకొచ్చింది, లెక్కకి రాలేదు," అని మెల్లగా వెళ్ళిపోయింది.

తర్వాతి రోగిని పడుకోబెట్టి, బరువైన తలుపు మూసి, మీట నొక్కి, ఆపరేటరమ్మాయి బయటికి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఎప్పుడూ చేతులు కడిగినట్టుండే పిల్ల. రిపేరక్క పక్కన గొంతుక్కూర్చుని, ప్రింటరు చూస్తున్నట్టు నటిస్తూ గొంతు తగ్గించింది.

"అక్కా, నాకూ అనుమానంగానే ఉంది. ఆ యంత్రంలో కిరణాలిచ్చే లోహం ఉంటుందే, అది నెలనెలా నూటికి ఒక వంతు బలం తగ్గుతుంది. అందుకని నెల మారినప్పుడల్లా అందరికీ సమయం కొంచెం పెరగాలి. నూట ఇరవై సెకన్లు ఉన్నవాళ్ళకి నూట ఇరవై ఒకటి రావాలి. సోమవారం ఒకటో తారీఖు కదా, కార్డులు చూసి కంప్యూటర్లో కొత్త సమయాల చీటీలు తీస్తే అన్నీ తగ్గొచ్చాయి."

"అన్నీనా?"

"ముప్ఫై నాలుగూ. దాదాపు నాలుగో వంతు తగ్గాయి. పట్టుకెళ్ళి పెద్ద డాక్టరుగారికి చూపించాను. ఎటో వెళుతున్నారు, నడుస్తూనే చూసి, 'ఫిజిక్సు ఆయన సెలవు పెట్టే ముందు ఏదో మార్చి ఉంటాడు, మిషను ఎంత చెబితే అంత చెయ్యి' అన్నారు. అయినా నాకెందుకో..."

లోపల గంట మోగింది. ఆపరేటరమ్మాయి లేచి పరుగెత్తింది.

రిపేరక్క చేతిలో చిమటా ఆగిపోయింది. సోమవారం. సోమవారానికి ముందు రోజు ఆదివారం. దాని ముందు రోజు, శనివారం మధ్యాహ్నం, ఆ చీటీలు తీసే కంప్యూటరు మూత విప్పింది ఎవరు? 'ఏమీ అయ్యుండదులే, తీగల పట్టీ మార్చాను అంతే,' అనుకుంది. అలా అనుకున్నాక ప్రింటరులోంచి లాగుతున్న కాగితం రెండుగా చిరిగి, సగం లోపలే ఉండిపోయింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే పనిసంచీ బోర్లించింది. స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, టార్చిలైటు, వాటితోపాటు మడత పెట్టిన బూడిదరంగు పాత పట్టీ. రెండు వేళ్ళ వెడల్పు, ఒక పక్క అంచున ఎర్రగీత, నడుమ ఓ నల్ల ప్లగ్గు, చివర ఓ నల్ల ప్లగ్గు. నడుమ ప్లగ్గు మీద తన గోళ్ళరంగు చుక్క.

ఆ చుక్క చూడగానే పట్టీని నేల మీద చాపి, ప్లగ్గులు రెండూ వేలితో తడిమింది.

కిరణాల లెక్కలు కట్టే ఆ కంప్యూటరు ముసలిది. యంత్రంతోపాటు వచ్చింది, దాన్ని మార్చడానికి ఎవరికీ ధైర్యం లేదు. లోపల రెండు డిస్కులు. ఒకటి ఇరవై ఆరు నెలల కింద తనే బిగించిన కొత్తది. రెండోది అంతకుముందుది. ఎందుకైనా మంచిదని తీసెయ్యకుండా లోపలే ఉంచింది. రెండింటికీ కలిపి ఒకే పట్టీ. ఏ డిస్కు పెద్దది, ఏ డిస్కు చిన్నది అన్న పెత్తనం ఆ రోజుల్లో డిస్కు వెనకున్న బుల్లి టోపీని ఒక పిన్ను మీంచి ఇంకో పిన్ను మీదికి మార్చి తేల్చేవాళ్ళు. లేదంటే టోపీని 'పట్టీ ఎలా చెబితే అలా' అనే చోట పెట్టి వదిలేసేవాళ్ళు. రిపేరక్క అలాగే వదిలేసింది. పట్టీలో ఏ ప్లగ్గు మొదటిదైతే, దానికున్న డిస్కుతో కంప్యూటరు లేస్తుంది.

శనివారం ఆ పట్టీ అంచు చిట్లిపోయి కనిపించింది. సంచీలో ఉన్న కొత్తరకం పట్టీ వేసింది. ఎక్కడిది అక్కడే పెట్టాలని గోళ్ళరంగుతో గుర్తులు పెట్టుకుని మరీ వేసింది. నడుమ ఉన్న డిస్కు నడుమే, చివర ఉన్నది చివరే. తెర వెలిగింది, ఎప్పటి బొమ్మే వచ్చింది, తారీఖు సరిగ్గా ఉంది. మూత బిగించి వెళ్ళిపోయింది.

నలభై తీగల ఆ పాత పట్టీలో పెద్దరికం నడుమ ప్లగ్గుది. ఎనభై సన్నతీగల కొత్తరకంలో పెద్దరికం చివరి ప్లగ్గుది. ఈ సంగతి తనకి తెలియదా? పాతికేళ్ళ కింద పని నేర్పిన మేస్త్రి మొట్టికాయ వేసి చెప్పిన సంగతి. తెలిసే మర్చిపోయింది. ఉన్నది ఉన్నట్టు పెట్టాలనే జాగ్రత్తలో పడి, ఆ జాగ్రత్తతోనే కొంప ముంచింది.

సోమవారం పొద్దున కంప్యూటరు పాత డిస్కుతో లేచింది. ఆ డిస్కుకి లోకం ఇరవై ఆరు నెలల కిందే ఆగిపోయింది. దాని లెక్కలో లోహం ఇంకా అప్పటంత బలంగా ఉంది. బలంగా ఉంది కాబట్టి తక్కువసేపు చాలు అంది. కిరణాల మోతాదు చూసుకునే ఫిజిక్సు సారు ప్రతి నెలా ఓపిగ్గా కొట్టిన అంకెలన్నీ రెండో డిస్కులో, ఎవరూ తెరవని చోట పడున్నాయి.

"ఏంటే, దొంగసొత్తు పంచుకుంటున్నట్టు నేల మీద పరిచావు?" అన్నాడు భర్త. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఆమె మొహం చూసి హాస్యం ఆపేశాడు. ఆమె చెప్పింది. చెబుతూ మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగింది.

"చచ్చిపోతారా?" అన్నాడు.

"వెంటనే ఏమీ అవదు. మందు సగం సగం వేసుకున్నట్టు. లోపల గడ్డ బతికుంటుంది. ఏ ఆరునెలలకో మళ్ళీ లేస్తుంది. అప్పుడెవరికీ ఎందుకో కూడా తెలీదు."

అతను పాత పట్టీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "రేపు పొద్దున్నే వెళ్ళి ప్లగ్గులు మార్చెయ్. రెండు నిమిషాల పని అన్నావు. ఎవరూ చూళ్ళేదు కదా. ఊరుకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నారు."

"మరి ఈ మూడు రోజులు?"

"ఆ మూడు రోజుల కోసం పదేళ్ళ ఉద్యోగం పోగొట్టుకుంటావా? వచ్చే నెలేగా సంతకం?" అన్నాడు. కఠినంగా అనలేదు, భయపడి అన్నాడు. ఆ భయం ఆమెకి ఇంకాస్త అంటుకుంది.

గురువారం ఏడున్నరకే వెళ్ళింది. వెళ్ళేసరికే లెక్కల గది తెరిచి ఉంది. ఆపరేటరమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఏదో ఉత్తరం కొడుతోంది. వరండాలో అప్పుడే పదిమంది. "సర్వీసు చెయ్యాలమ్మా," అంటే, "మధ్యాహ్నం అన్నం టైములో చెయ్యక్కా, ఇప్పుడు పెద్ద డాక్టరుగారి రిపోర్టులు తీయాలి," అంది.

'వద్దు, చీటీలు తప్పు, ఆపెయ్' అని ఒక్కమాట అంటే చాలు. సరేనని వెళ్ళి వరండాలో కూర్చుంది.

అయిదున్నర గంటలు కూర్చుంది. ఎదురుగా ఒక్కొక్కళ్ళే లోపలికి వెళుతున్నారు, ఎర్రదీపం వెలుగుతోంది, ఆరుతోంది. మెడకు గుడ్డ చుట్టుకున్న పెద్దమనిషి వెళ్ళాడు. కూతురి భుజం పట్టుకుని ఒక బక్కపల్చటి ఆవిడ వెళ్ళింది. బడి సంచీతో వచ్చే ఒక పంతులమ్మ వెళ్ళింది. ఎర్రదీపం ఆరినప్పుడల్లా, ఇంకా వెలగాల్సిన ఆ కాసేపూ రిపేరక్క గోడ గడియారం వంకే చూసేది. పెద్దమ్మ బయటికొచ్చి, ఈసారి ఎవరితోనూ ఏమీ అనకుండా, తిన్నగా ఆమె దగ్గరికొచ్చి, "తొంభై ఒకటి," అని చెప్పి వెళ్ళింది. తనకే ఎందుకు చెప్పిందో! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, రిపేరక్క ఒళ్ళోని సంచీని గట్టిగా పట్టుకుంది.

ఒంటిగంటకి గది ఖాళీ అయింది. తలుపు దగ్గరికి వేసి, నాలుగు స్క్రూలు విప్పి, మూత పక్కన పెట్టింది. నడుమ ప్లగ్గు ఊడదీసేటప్పుడు వేలు రేకు అంచుకి తగిలి చీరుకుంది. రక్తం నోట్లో పెట్టుకుని చప్పరించి, రెండు ప్లగ్గులూ అటుదిటూ ఇటుదటూ మార్చింది. ఎర్రగీత ఎటుండాలో అటే ఉందని రెండుసార్లు చూసింది. మీట నొక్కింది. తెర వెలిగింది. ఎప్పటి బొమ్మే. ఫిజిక్సు సారు తప్ప ఎవరూ తెరవని పేజీ తెరిచి చూస్తే, పోయిన శుక్రవారం తారీఖుతో ఆయన కొట్టిన అంకె కనబడింది.

ఆపరేటరమ్మాయి అన్నం డబ్బా కడుక్కుని వచ్చింది. "సర్వీసు చేశానమ్మా," అంది రిపేరక్క, తీగలు సర్దుతున్నట్టు వంగి. "చీటీలన్నీ మళ్ళీ ఓసారి తీసెయ్. పాతవి పారెయ్."

అక్కడితో అయిపోవాలి. ఇంకొకరెవరైనా అయితే అయిపోయేది కూడా. కానీ చేతులు కడుక్కునే పిల్ల కదా, ఏదీ చూడకుండా పారెయ్యదు. మొదటి కొత్త చీటీ రాగానే పాతదాని పక్కన పెట్టి చూసింది. రెండోదీ చూసింది. మూడోది చూసేసరికి మొహంలో నెత్తురుచుక్క లేదు. రెండు కట్టలూ పట్టుకుని తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. ఎవరూ అడక్కుండానే, తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ వెళ్ళింది.

పది నిమిషాలకి రిపేరక్కకీ పిలుపొచ్చింది.

పెద్ద డాక్టరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్నాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. తప్పు తన బల్ల మీద మాత్రం వాలనివ్వడు, అంతే. ఆపరేటరమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది.

"నువ్వేం చేశావు ఆ కంప్యూటర్ని?" అన్నాడు రిపేరక్కతో.

ఇదే అవకాశం. ఇంత తేలిగ్గా ఇంకోసారి రాదు. చెప్పెయ్యాలనే నోరు తెరిచింది. అతని చేతి పక్కనే కాంట్రాక్టుల ఫైలు, పైన నీలంరంగు తాడు కనబడ్డాయి.

"దుమ్ము దులిపానండి," అంది.

"దుమ్ముకి సెకన్లు మారతాయా?"

"మారవండి."

"విన్నావా?" అన్నాడు ఆపరేటరమ్మాయితో. "సోమవారం యంత్రానికీ రోగికీ మధ్య దూరం కొట్టే గడిలో తప్పు కొట్టి ఉంటావు. మొదటి కార్డుకి తప్పు కొడితే, అదే చివరిదాకా అలాగే ఉంటుంది. ఇవాళ సరిగ్గా కొట్టావు, సరిగ్గా వచ్చింది. ఇందులో అర్థం కానిదేముంది?"

"సరిగ్గానే కొట్టాననుకున్నాను సార్..."

"అనుకున్నావు. రేపు పదకొండింటికల్లా సంజాయిషీ రాసివ్వు. సోమవారం నుంచి నువ్వు యంత్రం ముట్టుకోవద్దు, పాత ఫైళ్ళ గదిలో కూర్చో. నాలుగు రోజుల తేడాకి ఎవరికీ ఏమీ అవదు. రోగులతో ఈ ఊసెత్తితే గోల. అర్థమైందా?"

వరండాలో ఆపరేటరమ్మాయి రెండు చేతులూ ముందుకి చాపి, వాటి వంకే చూసుకుంటూ నిలబడిపోయింది. "నా చేతులే తప్పు కొట్టాయేమో అక్కా," అంది. "ముప్ఫై నాలుగు మందిని... నాకసలు గుర్తే లేదు. ఇంకా ఇలా ఎన్నిసార్లు కొట్టానో!"

తిడుతుందేమో, అనుమానిస్తుందేమో అని భయపడింది రిపేరక్క. ఆ పిల్ల తనని తానే అనుమానించుకుంటుందని మాత్రం అనుకోలేదు. వేలికి కట్టుకున్న గుడ్డ బిగించుకుంటూ మెట్లు దిగింది. ఆ సాయంత్రం ఇంట్లో భర్త, "అయిందా?" అంటే, "అయింది," అంది. అన్నం సహించలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నర. లెక్కల గదిలో ఆపరేటరమ్మాయి తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. నాలుగు పంక్తులు రాసి కొట్టేసి ఉన్నాయి. రిపేరక్కకి ఆ వేపు పనేమీ లేదు. అయినా కాళ్ళు అటే తీసుకొచ్చాయి. వరండాలో పెద్దమ్మ పక్కన ఖాళీ ఉంటే కూలబడింది.

పెద్దమ్మ ఓ చిన్న కాగితం మీద పెన్సిల్‌తో ఏదో రాసుకుంటోంది.

"చూడమ్మాయ్, రోజుకి ఇరవై తొమ్మిది తక్కువ. నాలుగు రోజులు. మొత్తం నూట పదహారు. అంటే ఇంచుమించు ఒక రోజుది మొత్తం నాకు వెయ్యలేదన్నమాట. ఇవాళ్టి నుంచి సరిగ్గా వేస్తారట, ఎవరో అనుకుంటుంటే విన్నాను. సంతోషం. ఆ పోయిన రోజు మాటేంటి? అది నాకు రావాలా వద్దా?"

"ఒక్క రోజేగా పెద్దమ్మా..." అంది రిపేరక్క. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

"ఒక్క రోజే. డబ్బాలో ఒక్క గుండీ తక్కువైతే ఆ ఒక్క చొక్కాకే తక్కువ. కానీ ఆ చొక్కా వాడికి అదే చొక్కా కదా." పెద్దమ్మ కాగితం మడిచింది. "నాకు మళ్ళీ లేస్తుందని భయంగా ఉందమ్మాయ్. నవ్వుతారని ఎవరికీ చెప్పను. లెక్కపెడితే భయం తగ్గుతుందని లెక్కపెట్టాను. ఇప్పుడు ఆ లెక్కే భయపెడుతోంది."

రిపేరక్క లేచింది. ఎప్పుడు లేచిందో, ఎలా నడిచిందో తర్వాత గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. లెక్కల గదిలోకి వెళ్ళి ఆపరేటరమ్మాయి ముందున్న కాగితం తీసుకుని, "రా," అంది. పెద్ద డాక్టరు గది తలుపు తట్టకుండానే తోసింది. సంచీలోంచి పాత పట్టీ తీసి, కాంట్రాక్టుల ఫైలు మీదే పరిచింది.

"నేనండి," అంది. "ఈ పిల్ల కాదు. శనివారం ఈ పట్టీ మార్చింది నేను. దీంట్లో నడుమది మొదటిది. నేను వేసినదాంట్లో చివరిది మొదటిది. చూసుకోలేదు. కంప్యూటరు పాత డిస్కుతో లేచి, పాత బలంతో లెక్క కట్టింది. నిన్న మధ్యాహ్నం ప్లగ్గులు మార్చి, దుమ్ము అని అబద్ధం చెప్పాను. మొన్న రాత్రే నాకు తెలుసు. తెలిసి కూడా నిన్న అయిదున్నర గంటలు కూర్చుని చూశాను."

పెద్ద డాక్టరు పట్టీ వంక, గోళ్ళరంగు చుక్క వంక చూశాడు. మొహం ఎర్రబడింది. "ఏం చేశావో తెలుస్తోందా నీకు? రేపటి నుంచి నీ మొహం ఈ ఆసుపత్రిలో..."

"సోమవారం చీటీలు మీకు చూపించాను సార్."

ఆ గొంతు ఎవరిదో మొదట అర్థం కాలేదు. ఆపరేటరమ్మాయిది. గోడకి ఆనుకుని నిలబడి, ఒక్కో మాటా తడుముకుంటూ అంది. "మెట్ల దగ్గర. పదింపావుకి. అన్నీ తగ్గాయి సార్ అన్నాను. మిషను ఎంత చెబితే అంత చెయ్యి అన్నారు."

తిలా పాపం తలా పిడికెడు. పెద్ద డాక్టరు నుదుటి మీద కళ్ళద్దాలు కిందికి దించి పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఫోను అందుకుని, సెలవులో ఉన్న ఫిజిక్సు సారుకి చేశాడు. జరిగింది చెప్పాడు. తన సంగతి తప్ప అన్నీ చెప్పాడు.

"చీటీ సరే. నిజంగా ఎంతసేపు పడిందో ఎవరైనా చూశారా?" అన్నాడు ఫిజిక్సు సారు. బయటికి వినబడేంత గట్టిగానే ఉంది ఆయన గొంతు.

"పెద్దమ్మ లెక్కపెట్టిందండి," అంది రిపేరక్క. "పోయిన నెల నూట ఇరవై. ఈ నాలుగు రోజులు తొంభై ఒకటి."

కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు. "సరిగ్గా అంతే పడుతుంది," అన్నాడు ఆయన. గొంతు మెత్తబడింది. "ఈ నెల ఆవిడకి నూట ఇరవై ఒకటి రావాలి. నాలుగు రోజులకి కలిపి ఒక రోజు పోయింది. అందరికీ చివర్లో ఒక రోజు కలపండి. అందరికీ చెప్పే కలపండి. నేను ఈ సాయంత్రం బండికి బయలుదేరుతున్నాను. ఆ పాత డిస్కుని మాత్రం ఇప్పుడే బయటికి తీయించండి."

ఫోను పెట్టేశాక పెద్ద డాక్టరు, పట్టీని వేలి కొసతో ఫైలు మీంచి పక్కకి జరిపాడు. "తియ్యి," అన్నాడు రిపేరక్కతో. "తీసేసి, గుర్తింపు కార్డు ఆఫీసులో ఇచ్చి వెళ్ళు. ఫిజిక్సు ఆయన వచ్చాక మాట్లాడదాం." ఆపరేటరమ్మాయి సంజాయిషీ కాగితం ఇంకా రిపేరక్క చేతిలోనే ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

లెక్కల గదిలో మూత విప్పడానికి వంగింది. ఆపరేటరమ్మాయి టార్చిలైటు పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకునేదే. కానీ ఇవాళ వెలుగు తీగల మీద కాకుండా ఆమె వేళ్ళ మీదే పడుతోంది.

"ఏ ప్లగ్గు తీస్తున్నావో చెప్పి తియ్యక్కా," అంది ఆ పిల్ల.

"నడుమది. పాత డిస్కుది."

"నన్ను చూడనియ్. ఆ, తియ్యి."

తీసింది. కోపంతో అన్నా బాగుండేది. కోపం లేదు ఆ గొంతులో, జాగ్రత్త ఉంది. ఆ జాగ్రత్త ఇకెప్పటికీ పోదని రిపేరక్కకి అర్థమైంది. పాత డిస్కుని అరచేతిలో పెట్టుకుంటే బరువుగా, చల్లగా ఉంది. కంప్యూటరు మళ్ళీ లేచాక, ఆ పిల్ల ఫిజిక్సు సారు పేజీ తెరిపించి, తారీఖు తనే పైకి చదివి, పెద్దమ్మ కార్డు తీసి, చీటీ ఇంకోసారి తీసింది. రెండు నిమిషాల ఒక సెకను.

"నూట ఇరవై ఒకటి," అంది. "పెద్దమ్మని పిలుస్తాను. నువ్వు ఉండక్కా. అయ్యేదాకా వెళ్ళకు."

పెద్దమ్మని పడుకోబెట్టి, తొడ మీద గీతలు సరిచూసి, బయటికొచ్చి బరువైన తలుపు మూసింది. మూసే ముందు, "ఇవాళ పైకి లెక్కపెట్టు పెద్దమ్మా, మేమూ వింటాం," అంది. లోపలి మాటలు వినబడే స్పీకరు మీట ఎత్తింది. వరండాలోంచి మెడగుడ్డ పెద్దమనిషి, పంతులమ్మ తలుపు దగ్గర నిలబడి తొంగి చూస్తున్నారు. విషయం అప్పటికే పాకింది. ఎవరూ నవ్వడం లేదు. అందరూ రిపేరక్క వంకే చూస్తున్నారు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది.

ఎర్రదీపం వెలిగింది.

"ఒకటి," అంది స్పీకర్లో పెద్దమ్మ గొంతు. "రెండు. మూడు."

తడబాటు లేకుండా, గుండీలు డబ్బాలో పడుతున్నట్టు పడుతున్నాయి అంకెలు. ముప్ఫై. యాభై. డెబ్భై. చెమట పట్టిన అరచేతుల్లో పాత డిస్కు జారిపోతుంటే రిపేరక్క గట్టిగా పట్టుకుంది. అంతా సరిగ్గా పెట్టింది, తన కళ్ళతో చూసింది, ఆ పిల్ల కూడా చూసింది. అయినా భయం. శనివారం కూడా అంతా సరిగ్గానే పెట్టింది కదా.

"ఎనభై తొమ్మిది. తొంభై."

ఆపరేటరమ్మాయి ఎర్రదీపం వంక చూస్తోంది.

"తొంభై ఒకటి," అంది పెద్దమ్మ. ఒక్క క్షణం గొంతు ఆగింది, తను కూడా ఎదురుచూస్తున్నట్టు.

దీపం ఆరలేదు.

"తొంభై రెండు," అంది. అక్కణ్ణుంచి గొంతు మారింది. వణుకుతోంది గానీ ఆగలేదు. తొంభై మూడు. నూరు. నూట పది. ఆపరేటరమ్మాయి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. రిపేరక్క అటు వెళ్ళబోయి, వెళ్ళలేక, నిలబడిపోయింది.

"నూట ఇరవై," అంది పెద్దమ్మ. "నూట ఇరవై ఒకటి."

దీపం ఆరింది. తలుపు తెరవడానికి ఆపరేటరమ్మాయి మొహం తుడుచుకుంటూ వెళ్ళింది. రిపేరక్క మెడలోని గుర్తింపు కార్డు తీసి, చేతిలోని పాత డిస్కుతోపాటు బల్ల మీద పెట్టి, పెద్దమ్మ కర్ర చప్పుడు దగ్గరికి వచ్చేదాకా అక్కడే ఉంది.